తండ్రి పేరు: మునావర్

పోశంకు కూతురుందన్న సంగతి కోరుట్లలో అందరికీ తెలుసు, ఒక్క యముడికి తప్ప. యముడికి తెలియకూడదనే అతను పద్దెనిమిదేళ్లుగా నానా తంటాలు పడుతున్నాడు. కొత్తవాళ్లు ఎవరైనా వచ్చి "ఈ పిల్ల ఎవరు?" అని అడిగితే "మా పక్కింటోళ్ళ పిల్ల" అంటాడు. ఆ పిల్ల వాకిట్లోంచి "బాపూ, అన్నం తిందువు రా" అని కేకేస్తే, ఎవరినో పిలుస్తోందన్నట్టు అటూ ఇటూ చూసి, ఆ తర్వాత నింపాదిగా లేచి పోయి అన్నం తింటాడు. బడిలోనూ ఆధార్ కార్డులోనూ తండ్రి పేరు పోశం అనే ఉంది. అది భార్య పోశవ్వ పోయి రాయించిన పని. తను నోరు విప్పి చెప్పలేదు కాబట్టి ఆ పాపం తనకు అంటదని పోశం లెక్క.

మనిషి పిరికివాడనుకునేరు. పోశం ఇళ్లకు రంగులు వేస్తాడు. మూడంతస్తుల మేడకు కట్టెలు కట్టి, ఆ కట్టెల కొసన నిలబడి, ఒక చేత్తో డబ్బా పట్టుకుని పాట పాడుతూ రంగు పూస్తాడు. పాముకు భయపడడు, పోలీసుకు భయపడడు. పోశవ్వకు కొంచెం భయపడతాడు గానీ, అది ఏ ఇంట్లోనైనా ఉండేదే. కూతురు వనిత విషయంలో మాత్రం అంతటి భయస్తుడు మొత్తం జగిత్యాల జిల్లాలో దొరకడు.

దానికి కారణం ఉంది. వనితకు ముందు ఇద్దరు పుట్టారు. మొదట కొడుకు పుట్టినప్పుడు పోశం సంబరం పట్టలేక, రంగు చేతులతోనే వాడకట్టంతా తిరిగి "నాకు కొడుకు పుట్టిండు" అని చాటాడు. పిల్లవాడు నిలవలేదు. రెండోసారి ఆడపిల్ల. అప్పుడూ నోరు ఆగలేదు. ఆ పిల్లా పోయింది. అప్పుడు పోశం తల్లి లస్మవ్వ ఏడ్చి ఏడ్చి కొడుకు ముఖం మీదే అనేసింది. "నీ నోట్లెకెల్లి నా కొడుకు, నా బిడ్డ అన్న మాట ఎల్లుడే ఆలస్యం, గాడు ఇని అస్తున్నడు రా!" గాడు అంటే ఎవరని పోశం అడగలేదు. కడుపు మండి అన్న మాటను లస్మవ్వ మరునాటికే మరిచిపోయింది. పోశం మరిచిపోలేదు.

పుట్టిన పిల్లలు దక్కని ఇళ్లలో ఒక ఆచారం ఉంది. బిడ్డ పుట్టగానే చాటలో వేసి ఇంకొకరికి అమ్మేస్తారు. కొన్నవాళ్లు దోసెడు తౌడో, నూకలో ఇచ్చి, బిడ్డను తమదనిపించుకుని, పెంచడానికి మళ్లీ కన్నవాళ్ల చేతుల్లోనే పెడతారు. యముడు ఇల్లు వెతుక్కుంటూ వస్తే, ఆ ఇంట్లో పిల్లలే లేరని తెలుసుకుని ఉత్త చేతులతో తిరిగిపోతాడని నమ్మకం. వనిత జగిత్యాల దవాఖానాలో పుట్టినప్పుడు కొనడానికి ముందుకొచ్చింది పక్కింటి లతీఫున్నీసా. ఆమె భర్త మునావర్ బోరు మోటార్లకు వైండింగ్ చేస్తాడు. రెండిళ్లకూ నడుమ ఒకటే గోడ, ఆ గోడ మీదుగా కూర గిన్నెలు పోని రోజు ఉండదు. దవాఖానా వరండాలోనే బేరం తెగింది. లతీఫున్నీసా కొంగున మూటగట్టి తెచ్చిన నూకలు పోశవ్వ ఒళ్లో పోసి, చాటలోని పిల్లను ఎత్తుకుని, చెవిలో దువా చదివి, "ఇగ గిది నా బేటీ. జెర పాలిచ్చి సాదు" అని తిరిగి ఇచ్చింది.

ఆచారం అక్కడితో సరి. పోశంకు సరిపోలేదు. కాసేపటికి దవాఖానా గుమాస్తా రిజిస్టర్ పట్టుకొచ్చి "తండ్రి పేరేంది?" అని అడిగాడు. పోశం పైకప్పు వైపు చూశాడు, వరండా మూలలు చూశాడు, వినవలసినవాడు వినేలా గొంతెత్తి చెప్పాడు: "మహమ్మద్ మునావర్." గుమాస్తా రాసుకుని పక్క మంచానికి పోయాడు. ఈ సంగతి పోశం భార్యకు కూడా చెప్పలేదు. అమ్మితే నికార్సుగా అమ్మాలి గానీ సగం సగం అమ్మకమేమిటని మనసులో అనుకుని, ఆ రోజు చాలా కాలం తర్వాత కడుపునిండా తిన్నాడు.

ఇన్నేళ్లూ ఆ పుట్టిన సర్టిఫికెట్ ఎవరికీ అవసరం పడలేదు. ఇప్పుడు వనితకు సిరిసిల్లలో నర్సింగ్ సీటు వచ్చింది. చేరేటప్పుడు ఇవ్వాల్సిన కాగితాల్లో అదొకటి. నెలాఖరులోపు అన్నీ ఇస్తేనే సీటు, లేకపోతే తర్వాతివాళ్లకు పోతుంది. దానికోసం వనిత తండ్రిని వెంటబెట్టుకుని కోరుట్ల బస్టాండ్ దగ్గరి ఆన్‌లైన్ సెంటర్‌కు పోయింది. ఆ సెంటర్ నడిపేది ఫహీమ్, మునావర్ తమ్ముడి కొడుకు.

"గంత పాత రికార్డు ఏడుంటది? ఎప్పుడో చెదలు తిన్నయి" అన్నాడు పోశం, చాలా ఆశగా.

"జగిత్యాల రికార్డంత కంప్యూటర్ల ఎక్కిచ్చిండ్రు కాకా. చెదలు తినుడు బందయింది" అని ఫహీమ్ పుట్టిన తేదీ కొట్టాడు, తల్లి పేరు కొట్టాడు. తెర మీద ఏదో వచ్చింది. ఫహీమ్ అది చదివి, మళ్లీ చదివి, చటుక్కున తెరకు చెయ్యి అడ్డం పెట్టాడు.

"చెల్లె, జెర బయటికి పోయి నా బండి మీద ఎవలన్న కూసున్నరేమో చూసి రా."

వనిత బయటికి పోయింది. ఫహీమ్ కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు. చెవులు ఎర్రబడ్డాయి. "కాకా, తప్పుగ అనుకోకు. నీకూ మా బడే అబ్బాకూ నడుమ ఎప్పుడన్న లొల్లయిందా?"

"మునావర్ భాయ్‌తోనా? ఎన్నడు లేదు."

"మరి పోశవ్వ చిన్నమ్మకు..." అని మొదలుపెట్టి ఫహీమ్ ఆపేశాడు. ఆ వాక్యాన్ని పూర్తిచేసే ధైర్యం కోరుట్లలో ఎవరికీ ఉండదు.

పోశంకు విషయం అర్థమైంది. "నా పేరు ఉన్నదా దాంట్లె?" అని గుసగుసగా అడిగాడు.

"లేదు కాకా."

"అమ్మయ్య" అన్నాడు పోశం.

భార్యకు పుట్టిన బిడ్డకు తండ్రి తను కాదని కంప్యూటర్ చెబితే అమ్మయ్య అనే మగవాణ్ణి ఫహీమ్ తన వృత్తిలో మొదటిసారి చూశాడు. ఆ తికమకలో ప్రింటర్ బయటి గది కౌంటర్ మీద ఉందన్న సంగతి మరిచి మీట నొక్కాడు. కాగితం నేరుగా పోయి వనిత చేతిలో పడింది.

ఆ కాగితాన్ని వనిత ఇంటికి తెచ్చి, వాకిట్లో నిలబడి అందరికీ వినబడేలా చదివింది. "తల్లి పేరు, పోశవ్వ. తండ్రి పేరు, మహమ్మద్ మునావర్."

బీడీలు చుడుతున్న పోశవ్వ చేతులు ఆగిపోయాయి. గోడ అవతల చాయ్ తాగుతున్న మునావర్‌కు పొలమారింది. అతను కప్పు అక్కడే పెట్టి పరుగున వచ్చాడు. "యా అల్లా! ఆ దినం నేను ఊర్ల లేను! రాయికల్‌ల బోరుకు మోటర్ దించుతున్న! కావాల్నంటే ఆ ఆసామిని అడుగుండ్రి!"

"ఆ దినం సంగతి ఎవ్వలికి కావాలె? గంతకు తొమ్మిది నెలల ముంగట ఏడున్నవో గది చెప్పు" అంది లతీఫున్నీసా. అని, గోడ పట్టుకుని కడుపు చెక్కలయ్యేలా నవ్వింది. మునావర్ నిజంగానే ఆలోచించడం మొదలుపెట్టాడు.

"నేనే చెప్పిన" అన్నాడు పోశం. "అమ్మినం గదా. పక్కాగ ఉండాల్నని."

పోశవ్వ లేచి నిలబడింది. "ఏడాదికోపారి నేను రాఖీ కట్టే అన్న గాయన! గాయనను తీస్కపోయి సర్కారు బుక్కుల నాకు మొగున్ని చేసినవా? మొగుడు బతికి ఉండంగ, పక్కన నిలవడి, పెండ్లానికి ఇంకో మొగున్ని రాయిచ్చినోన్ని ఈ భూమ్మీద నిన్నే చూసిన!" ఇంకా చాలా అంది. అవన్నీ ఇక్కడ రాస్తే బాగుండదు. వాడకట్టులో మాత్రం రెండిళ్ల అవతలి గంగవ్వ, కాగితం ఏమిటో సగమే విని, "గట్లనా, నాకు ముందుగాలనే అనుమానం" అని నలుగురికి చెప్పి వచ్చింది.

మరునాడు పోశవ్వ మొగుణ్ణి ముందు నడిపించుకుని ఫహీమ్ దగ్గరికి పోయింది. "ఎట్ల రాయిచ్చిండో గట్లనే మార్పియ్యి బిడ్డా" అని చెప్పి, తను బయట బల్ల మీద కాపలా కూర్చుంది. ప్రపంచంలో గూగుల్‌లో లేనిదంటూ ఉండదని ఫహీమ్ నమ్మకం. తండ్రిగా ఒప్పుకునే ఫారం అని కొట్టేసరికి బోలెడు వచ్చాయి. అందులో ఒకటి, కూర్చున్న చోటే ప్రశ్నలకు జవాబులిస్తే చాలు, ఫారం అదే తయారుచేసి ఇస్తుందట. ఫహీమ్ ఒక్కొక్క ప్రశ్నా తెలుగులోకి మార్చి అడిగాడు.

"బిడ్డ తల్లితోని మీకు పరిచయం ఎట్ల అయింది?"

"పెండ్లిల" అన్నాడు పోశం.

"బిడ్డ, మీరు ఒక్క ఇంట్లనే ఉంటరా?"

"ఆ. గోడకు ఇవుతల."

"ఈ బిడ్డకు మీరే తండ్రి అని మీరు ఒప్పుకుంటున్నరా? అవును, కాదు, తెల్వదు. మూడిట్ల ఒకటి నొక్కాలె."

పోశం తెర వైపు వంగాడు. "ఆఖరుది ఏందంటివి?"

"తెల్వదు."

"గది నొక్కు."

బయట బల్ల కిర్రుమంది. ఫహీమ్ ఆ చప్పుడుకే భయపడి 'అవును' నొక్కాడు. ఆ తర్వాత రాష్ట్రం పేరు ఎంచుకోవాలంది. పట్టీ అంతా వెతికినా తెలంగాణ లేదు. మొదటి అక్షరం దగ్గరగా ఉందని ఫహీమ్ టెక్సస్ పెట్టాడు. అచ్చయి వచ్చిన ఫారం మాత్రం దివ్యంగా ఉంది. చుట్టూ పూల అంచు, కింద రెండు సాక్షి సంతకాలకు చోటు. దాన్ని పట్టుకుని పోశం, వనిత జగిత్యాల మున్సిపల్ ఆఫీసుకు పోయారు.

జనన మరణాల సీటులో ఉన్న సరోజన ఆ కాగితాన్ని ముందు చూసింది, వెనక చూసింది, కళ్లజోడు పెట్టుకుని మళ్లీ చూసింది. "టెక్సస్ ఏ మండలం కింద అస్తదయ్యా?"

"మాది కోరుట్ల మేడం" అన్నాడు పోశం.

సరోజన మంచి మనిషి, ఎక్కువ నవ్వలేదు. ఏమేం కావాలో ఓపికగా చెప్పింది. ఇద్దరు మగవాళ్లూ నోటరీ దగ్గర విడివిడిగా అఫిడవిట్ రాయించాలి. పెళ్లి రుజువు, ఆధార్లు, పిల్ల పదో తరగతి మెమో తేవాలి. చివరికి అందరూ వచ్చి కమిషనర్ ఎదుట నోటితో చెప్పాలి. "మిగిలిన కాగితాలు ఎట్లున్నా గడుస్తది గని, తండ్రి అనేటాయన సారు ముంగట ఈమె నా బిడ్డ అని సొంతంగ చెప్పుడు మాత్రం పక్కా" అంది.

అది వినగానే పోశం టెక్సస్ కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకుని బస్టాండ్ దారి పట్టాడు. కాగితాలన్నీ వనిత, పోశవ్వ తిరిగి తిరిగి సిద్ధం చేశారు. మునావర్ తన అఫిడవిట్ మీద సంతకం చేసి, చేసిన చెయ్యిని తల్లికి చూపించిన పిల్లవాడిలా పోశవ్వకు చూపించి వచ్చాడు. ఇక పోవడమే తరువాయి. పోశం మాత్రం ఒకరోజు మంగళవారం అన్నాడు. ఒకరోజు అమాస అన్నాడు. ఒకరోజు మెట్‌పల్లిలో సగం పూసిన గోడ తడారుతుందన్నాడు. ఇంకో రోజు కాలు బెణికిందని కుంటాడు, అయితే పొద్దున కుడికాలు, సాయంత్రం ఎడమకాలు. నెల మాత్రం అతని కోసం ఆగలేదు.

వనిత తెలివిగల పిల్ల, ఓపిక గల పిల్ల కూడా. ఆ రోజు ఆ ఓపిక అయిపోయింది. పోశం వాకిట్లో కూర్చుని, అక్కర్లేకపోయినా, రంగు డబ్బాను పుల్లతో కలుపుతున్నాడు. ఆమె వచ్చి ఎదురుగా నిలబడింది.

"బాపూ, నాకన్ని ఎర్కే. చిన్నప్పటికెల్లి చూస్తున్న. ఎవలన్న అడిగితే పక్కింటోళ్ళ పిల్ల అంటవ్. బడికి ఎన్నడు రాకపోతివి. ఒక్కపారి నన్ను బిడ్డా అని పిలువకపోతివి. నీకు నేను నచ్చలేదు. ఆడపిల్ల అనో, నల్లగున్న అనో. సీటు పోతే పోనియ్ గని, నిజం చెప్పు."

పోశం పుల్ల ఆపలేదు. వనిత ఏడుస్తూ గోడ దాటి లతీఫున్నీసా ఇంట్లోకి పోయింది. లోపల ఏం మాట్లాడుకున్నారో గానీ చాలాసేపు పట్టింది. మధ్యలో ఒకసారి లతీఫున్నీసా గొంతు మాత్రం గోడ దాటి వచ్చింది. "నచ్చకపోవుడా? పిచ్చిదానా! నీకు జరమస్తే వాడు నా గుమ్మం కాడ కూసునేటోడు. నా బిడ్డకెట్లున్నది అని అడుగుడు లేదు. ఆపా, నీ బేటీకి ఎట్లున్నది అని అడుగుతుండె. తెల్లారెదాక అదే మాట."

వనిత తిరిగి వచ్చింది. తండ్రి పక్కనే నేల మీద కూర్చుంది. కళ్లు తుడుచుకుంది.

"బాపూ, నేను నేర్సుకునేది ఏ పని?"

"నర్సు పని."

"నర్సులు ఏడ ఉంటరు?"

"దవాఖాన్ల."

"నువ్వు భయపడేటోడు దినాం వచ్చిపోయేది గక్కడికే గదా. ఆడ నేను వాని ఎదురుంగనే నిలవడాలె. నా మెడల నా పేరున్న కార్డు వేలాడుతది. ఇగ నన్ను ఏడ దాస్తవ్?"

డబ్బాలో రంగు ఎప్పుడో కలిసిపోయింది. అయినా పోశం కలుపుతూనే ఉన్నాడు. ఆ రాత్రి అన్నం వద్దన్నాడు. తెల్లవారి పోశవ్వ లేచేసరికి మాత్రం స్నానం చేసి, పెళ్లిళ్లకు తొడిగే తెల్లచొక్కా తొడిగి, వాకిట్లో నిలబడి ఉన్నాడు. ఆ రోజు మంగళవారమే. ఆ సంగతి అతనికి ఎవరూ గుర్తుచేయలేదు.

రెండిళ్లవాళ్లు అయిదుగురూ బస్సు దిగి ఆఫీసుకు చేరేసరికి సర్వర్ పనిచేయడం లేదని సరోజన చెప్పింది. పోశం కంప్యూటర్ వైపు తిరిగి భక్తిగా దండం పెట్టాడు. పాపం ఆ సర్వర్ కాసేపటికే లేచి కూర్చుంది. కమిషనర్ లోపలికి పిలిచాడు. అదే సమయంలో అటెండర్ రికార్డు గదిలోంచి పాత రిజిస్టర్ మోసుకొచ్చి బల్ల మీద వేశాడు. దుమ్ము లేచి గది నిండా నిండింది.

ముందు మునావర్ వంతు. "నేను ఈ అమ్మాయికి తండ్రిని కాదు సార్" అని నేర్చుకొచ్చిన పాఠంలా అప్పజెప్పాడు.

"కాగితం మీద తండ్రి కాదు. గంతే రాసుకోండ్రి సార్" అని వెనక నుంచి లతీఫున్నీసా సవరించింది. "నూకలిచ్చి కొన్నది నేను. గది నేను వాపసు తీసుకోలేదు."

కమిషనర్‌కు నూకల సంగతి అర్థం కాలేదు. అతను పోశం వైపు తిరిగాడు. "నువ్వు చెప్పు. ఈ అమ్మాయి నీకేమవుతది?"

పద్దెనిమిదేళ్ల అలవాటు మామూలుది కాదు. బుర్ర ఒకటి చెప్పమంటే నాలుక ఇంకొకటి చెప్పింది. "మా పక్కింటోళ్ళ పిల్ల సార్."

పోశవ్వ నెత్తి కొట్టుకుంది. సరోజన కీబోర్డు మీంచి చేతులు తీసేసింది. వనిత తల దించుకుని నేల చూసింది. కమిషనర్ కలం పక్కన పెట్టాడు. అతనికి కోపం రావలసింది, కానీ ఎదురుగా ఉన్న మనిషి వణుకుతున్నాడు.

"కూసో. నీళ్లు తాగు. అప్పుడు రిజిస్టర్‌ల నీ పేరు ఎందుకు చెప్పలేదు?"

"నేను నా పేరు చెప్పుకున్న ఇద్దరు బతుకలేదు సార్" అన్నాడు పోశం.

పోశవ్వ కొంగు నోట్లో కుక్కుకుంది. ఆ ఇద్దరి మాట ఇంట్లో ఎవరూ ఎత్తి చాలా ఏళ్లయింది. కమిషనర్ కూడా పిల్లలున్నవాడేనేమో, కాసేపు రిజిస్టర్ పేజీలు ఊరికే తిప్పాడు.

"చూడు పోశం" అన్నాడు చివరికి. "మీది పెండ్లయిన జంట. మొగుడూ పెండ్లాలు కలిసి ఉండంగ పుట్టిన బిడ్డకు మొగుడే తండ్రి. చట్టం మాట గది. ఈ రిజిస్టర్‌ల ఎవరి పేరు రాసినా చట్టం లెక్కల నువ్వే తండ్రివి. ఇప్పుడు మేం కొత్తగ నిన్ను తండ్రిని చేస్తలేం. తప్పు దిద్దుతున్నం, గంతే."

పోశం గ్లాసు కింద పెట్టాడు. "అంటే చట్టానికి ఎర్కేనా సార్?"

"ఎర్కే."

"ఎప్పటికెల్లి?"

"పుట్టిన గడియకెల్లి."

పోశం ఆ మాటను లోలోపల మళ్లీ అనుకున్నాడు. పుట్టిన గడియ నుంచి. ఢిల్లీలో తెలుసు, హైదరాబాదులో తెలుసు, కోర్టుల్లో నల్లకోట్లు వేసుకున్నవాళ్లు గొంతెత్తి చదివే పుస్తకాల్లో ఉంది. అంతమందికి తెలిసినది ఒక్క యముడికే తెలియకుండా ఉంటుందా? పద్దెనిమిదేళ్లుగా తను దాచిందంతా నలుగురి కళ్ల ముందే ఉంది. అయినా పిల్లకు జ్వరాలొచ్చి తగ్గాయి, సైకిల్ మీంచి పడి లేచింది, తనంత ఎత్తు పెరిగి ఎదురుగా నిలబడి ముక్కు చీదుతోంది. తను కాపాడింది ఏమీ లేదు. అది తన బతుకు తాను బతికింది. బిడ్డా అని పిలవకుండా పోగొట్టుకున్న రోజులన్నీ ఉత్తపుణ్యానికే పోయాయి. ముందు ఒళ్లు మండింది. ఆ వెంటనే, ఎప్పుడో యవ్వనంలో రంగు చేతులతో వాడకట్టు తిరిగినప్పటి సంతోషం కడుపులోంచి తన్నుకొచ్చింది.

అతను లేచి నిలబడ్డాడు.

"నా బిడ్డ సార్" అన్నాడు. మేడ మీంచి కిందివాళ్లకు చెప్పే గొంతు అది, వరండా దాకా వినిపించింది. "వనిత నా బిడ్డ. నా పేరు పోశం. రాసుకోండ్రి."

"రాసుకుంటున్న. జెర మెల్లగ చెప్పు" అంది సరోజన.

మెల్లగా చెప్పడం ఇక అతని చేతిలో లేదు. కమిషనర్‌కు రెండోసారి చెప్పాడు. అటెండర్‌కు చెప్పాడు. తలుపు దగ్గరికి పోయి, ఇంటి పన్ను కట్టడానికి వరుసలో నిలబడ్డ వాళ్లకు "గామె నా బిడ్డ. సిరిసిల్లల నర్సు సదువుకు పోతున్నది" అని చెప్పాడు. వాళ్లలో ఒక ముసలాయన సంతోషమని చేతులు జోడించాడు. ఆ సంబరంలో పోశం మునావర్‌ను కావలించుకుని, "మునావర్ భాయ్, నీ పేరు కొట్టేస్తున్నరు, ఏమనుకోకు" అన్నాడు. మునావర్ కూడా కళ్లు తుడుచుకున్నాడు, దుమ్మువల్లేనన్నాడు.

సరోజన కంప్యూటర్‌లో పేరు మార్చింది. కమిషనర్ పాత రిజిస్టర్‌లో ఎర్ర సిరాతో దిద్ది సంతకం చేశాడు. అటెండర్ ముద్ర గట్టిగా గుద్దాడు. ఆ దెబ్బకు ఇన్నేళ్ల దుమ్ము మళ్లీ ఒక్కసారి లేచింది.

వనిత తుమ్మింది.

ఒక్కటే తుమ్ము. సరిగ్గా ముద్ర పడిన క్షణాన, మంగళవారం పూట, ఒంటి తుమ్ము. గదిలో పెద్దవాళ్లంతా బిగుసుకుపోయారు. పోశవ్వ చెయ్యి గుండె మీదికి పోయింది. లతీఫున్నీసా పెదవులు దువా కోసం కదిలాయి. "ఇంకొకటి తుమ్ము బేటీ, జల్ది!" అని మునావర్ బతిమాలాడు. వనిత ముక్కు రుద్దుకుంది, పైకి చూసింది, నోరు తెరిచింది. "అస్తలేదు అబ్బా" అంది.

అందరూ పోశం వైపు చూశారు. ఒంటి తుమ్ము వినిపిస్తే పనికి పోయేవాడు కాదు, గడపలోంచి వెనక్కి తిరిగి చెప్పులు విడిచేవాడు, ఆ రోజంతా గోడ ముట్టేవాడు కాదు. అతని ముఖం ఒక్క క్షణం పాలిపోయింది. తర్వాత అతను బల్ల చుట్టూ తిరిగి కూతురి దగ్గరికి వచ్చాడు. రంగు మరకలు ఎన్నటికీ పోని ఆ అరచేతిని ఆమె నెత్తి మీద పెట్టాడు.

"నూరేండ్లు బతుకు బిడ్డా" అన్నాడు.